నడక తడబడినపుడు : హెచ్.ఐ.వి. ఉన్నవారి వెన్నుపాము వ్యాధులు

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



రోడ్లు, మంచినీరు, వీధిదీపములు, పన్నుల వసూలు – వీనిని గూర్చి మీతో మాటలాడుట మా శాఖవారికి అలవాటు. నేడు అట్లుగాక ఒక వ్యాధిని గూర్చి మాటలాడుమని నన్ను కోరినారు. నేను వైద్యుడను కాను. వైద్యులు చెప్పిన విషయమును గ్రామములోని పనికి పనికివచ్చునట్లు మీకు చేర్చుటయే నా ఉద్యోగము. కావున మందుల మోతాదులు నేను చెప్పను. హెచ్.ఐ.వి. ఉన్న మనిషికి కాళ్లు ఎందుచేత పడిపోవునో, అపుడు ఆ ఇంటివారు ఏమి చేయవలెనో, పంచాయతీ ఏమి చేయవచ్చునో, ఏమి చేయరాదో చెప్పెదను.

“మా ఊరిలో అట్టివారు ఎవరును లేరు” అని మీలో కొందరు మనస్సులో అనుకొనుచుండవచ్చును. 2021వ సంవత్సరపు జాతీయ అంచనాల ప్రకారము మన దేశమున సుమారు 24 లక్షలమంది హెచ్.ఐ.వి.తో జీవించుచుండిరి. పెద్దవారిలో దేశపు సగటు నూటికి 0.21 కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 0.67, తెలంగాణలో 0.47 ఉండెను. ఆంధ్రప్రదేశ్ లెక్కను తీసికొనినచో వేయిమంది పెద్దవారికి ఆరేడుగురు. మీ ఊరి ఓటర్ల జాబితాను మనస్సులో ఉంచుకొని లెక్క వేసికొనుడు. మందులు క్రమముగా వాడుచు, పొలములో మీ ప్రక్కనే నాట్లు వేయుచు, మీతోబాటు బస్సెక్కి సంతకు పోవుచున్నవారు వారిలో ఎందరో ఉందురు. ఎవరో మీకు తెలియదు. తెలియవలసిన అవసరమును లేదు. ఈ మాటను మరల ఎత్తెదను.

ముందుగా వెన్నుపాము అననేమో చూతము. వెన్నెముక వేరు, వెన్నుపాము వేరు. వీపు నడుమ చేతికి తగులు ఎముకల వరుస వెన్నెముక. ఆ పూసల నడుమ సొరంగము వంటి దారి యున్నది. అందులో చిటికెన వ్రేలి లావున, సుమారు 45 సెంటీమీటర్లు, అనగా ఒక మూరెడు పొడవున మెత్తని నరముల కట్ట యొకటి మెదడు నుండి క్రిందికి దిగుచున్నది. అదియే వెన్నుపాము. కాలు ఎత్తుమను ఆజ్ఞ పైనుండి క్రిందికి దాని గుండా పోవును. కాలికి ముల్లు గ్రుచ్చుకొనిన వార్త క్రిందినుండి పైకి దాని గుండానే వచ్చును. మలమూత్రములను ఆపు శక్తి, విడుచు శక్తి కూడ ఈ దారిననే నడచును.

కాలువ క్రింద సేద్యము చేయు మీకు ఒక పోలిక చెప్పెదను. ఎగువన ప్రధాన కాలువకు గండి పడినచో దిగువ పొలములన్నియు ఎండును. ఎండిన పొలములో దోషము లేదు. ఆ పొలమును ఎంత దున్నినను నీరు రాదు. అట్లే వెన్నుపాము చెడినపుడు కాలిలో దోషము లేదు. ఆ కాలికి నెలల తరబడి నూనె మర్దన చేసినను, పసరుకట్లు కట్టినను గండి పూడదు. మన గ్రామములలో జరుగుచున్న పొరపాటంతయు ఇందే యున్నది. కాలు పనిచేయలేదు గనుక కాలికే వైద్యము చేయుచున్నారు.

గుర్తులు ఎట్లుండును? సామాన్యముగా ఇది ఒక్క దినములో పడునది కాదు. మొదట కాళ్లు బరువెక్కినట్లుండును. పొలము గట్టు దాటునపుడు కాలి వ్రేళ్లు తగిలి మనిషి తూలును. కాళ్లు కర్రలవలె బిగిసికొనును, రాత్రి పడుకొనినపుడు వానంతట అవియే ఎగిరిపడును. చీకటిలో నడక మరింత తడబడును. చెప్పు కాలినుండి జారిపోయినను తెలియక నాలుగడుగులు వేసిన పిమ్మట చూచుకొందురు. మూత్రము ఒక్క నిమిషము ఆగదు, లేదా ఎంతసేపు కూర్చున్నను రాదు. మలబద్ధము పట్టును. పురుషులకు దాంపత్యశక్తి తగ్గును. సిగ్గుచేత ఈ కడపటి వానిని ఎవరును బయటికి చెప్పరు. ఐనను వ్యాధి కాలిలో లేదు, వెన్నుపాములో ఉన్నది అని వైద్యునికి పట్టి ఇచ్చునవి ఇవియే.

ఒక కౌలురైతు ఉన్నాడనుకొందము. తనకు హెచ్.ఐ.వి. ఉన్నదని అతనికి తెలియును. ఒకప్పుడు మందులు తెచ్చుకొనెడివాడు. తన మండలమువారు ఎవరో ఆసుపత్రి వరుసలో కనబడిరని భయపడి పోవుట మానినాడు. ఇపుడు కాళ్లు బరువెక్కినవి. మొదటి నెల అలసట యనుకొనును. రెండవ నెల వాతమని నూనె రాయును. మూడవ నెల గాలి సోకినదని తాయెత్తు కట్టింతురు. నాలుగవ నెల ఊరిలోని ఆర్.ఎం.పి. నొప్పులకు సూదులు వేయును; రోగి తన అసలు సంగతి అతనికి చెప్పడు, అతడు అడుగడు. ఐదవ నెల మనిషి మంచమెక్కును. ఈ ఐదు నెలలలో ఏ ఒక్క నెలలో పెద్దాసుపత్రికి పోయినను తన కాళ్లపై తాను తిరిగి వచ్చుటకు అవకాశముండెడిది. నెల గడచిన కొలది ఆ అవకాశము తరుగును. ఈ కౌలురైతు కల్పితుడే గాని, ఈ జాప్యము కల్పితము కాదు.

ఇక కారణములు. హెచ్.ఐ.వి. ఉన్నవారికి కాళ్లు పడినచో “ఆ జబ్బు ముదిరినది, ఇక చేయదగినదేమియు లేదు” అని ఇంటివారు నిశ్చయించుకొందురు. ఇది పొరపాటు. కారణములు పెక్కు కలవు. వానిలో చాలవానికి మందు కలదు. ఏది కారణమో పరీక్ష చేయనిదే ఎంతటి వైద్యుడును చెప్పజాలడు.

మన దేశమున ఇట్టి రోగిని చూచినపుడు మొట్టమొదట తలపవలసినది వెన్నెముక క్షయ. “దగ్గు లేదు గదా, క్షయ ఎట్లగును?” అని అడుగుదురు. క్షయ క్రిమి ఊపిరితిత్తులకే పరిమితము కాదు. రక్తము వెంట పూసలకు చేరి అచట గూడు కట్టుకొనగలదు. ఈ జబ్బును 1779లో పర్సివల్ పాట్ అను ఇంగ్లండు శస్త్రవైద్యుడు వర్ణించెను గనుక నేటికిని వైద్యులు దీనిని ఆయన పేరుతో పిలుచుచున్నారు. క్రిమి పూసను తినివేయును, చీము చేరును, పూస కూలును, వీపుపై గూను వలె ఉబ్బు కనబడును. ఆ చీముగాని, కూలిన ఎముకగాని వెన్నుపామును నొక్కినపుడు కాళ్లు పడిపోవును. వారముల తరబడి వీడని వెన్నునొప్పి, రాత్రులందు హెచ్చుట, సాయంకాలపు జ్వరము, బరువు తగ్గుట – ఇవి దీని జాడలు. హెచ్.ఐ.వి. ఉన్నవారిలో రోగనిరోధకశక్తి తగ్గియుండును గనుక క్షయ వారిని ఇతరులకంటె ఎన్నో రెట్లు తరచుగ పట్టుకొనును. ఊపిరితిత్తులలో క్షయ లేక వెన్నెముకలో మాత్రమే ఉన్నవాని వద్దనుండి అది ఇతరులకు అంటదు. ఈ ముక్క ఇంటివారికి మొదటి దినముననే చెప్పవలెను.

రెండవది హెచ్.ఐ.వి. వలననే వెన్నుపాములో కలుగు వ్యాధి. నరములపైనుండు క్రొవ్వుపొర ఉబ్బి, అందులో బుడగల వంటి ఖాళీలు ఏర్పడును. 1985లో న్యూయార్కు వైద్యులు ఎయిడ్సుతో మరణించిన 89మంది శరీరములను పరీక్షించి, వారిలో 20మందికి ఈ మార్పులున్నట్లు ప్రకటించిరి. అవి మందులు లేని దినములు. ఇది నిరోధకశక్తి బాగుగ క్షీణించినవారికి వచ్చును. నెలల మీద మెల్లగా పెరుగును. సామాన్యముగా వెన్నునొప్పి ఉండదు. చేతులు చాలకాలము బాగుగనే యుండును. దీనికి ప్రత్యేకమైన మందు లేదు. హెచ్.ఐ.వి.ని అణచు ఏ.ఆర్.టి. మందులే దీనికి ఆధారము. అవి క్రమముగ వాడినచో వ్యాధి సాగుట ఆగవచ్చును, కొందరికి నడక కొంత మెరుగుపడును. పోయినదంతయు తిరిగి వచ్చునని మాత్రము ఎవరికిని మాట ఇయ్యరాదు. మిథియోనిన్ అను పోషక పదార్థముతో నయమగునేమో యని పరీక్షించి, 2004లో ప్రయోజనము కానరాలేదని ప్రకటించిరి. నరములకు బలమనుచు సంతలో అమ్ము పొడులను కొని డబ్బు పాడుచేసికొనవద్దని నేను ధైర్యముగ చెప్పుటకు ఇది యొక కారణము.

అచ్చముగ ఆ వ్యాధివలెనే కనబడు మరొకటి కలదు: బి12 విటమిన్ లోపము. రక్తపరీక్షతో తెలియును, కొద్దిపాటి ఖర్చుతో అగు సూదిమందుతో కుదురును. కుదురదగినదానిని కుదురనిదని వదలివేసినచో ఎంత అన్యాయమో ఆలోచింపుడు. సిఫిలిస్ కూడ వెన్నుపామును పట్టును; దానికి పెనిసిలిన్ ఉన్నది. సర్పి లేచినపుడు ఆ క్రిమి వెన్నుపాములోనికి ప్రాకవచ్చును. నిరోధకశక్తి మిక్కిలి పడిపోయినవారికి సైటోమెగలో అను వైరసు వలన కొద్ది దినములలోనే కాళ్లు మెత్తబడి పడిపోవును. గడ్డలును కారణము కావచ్చును. ఇవి వైద్యులు తేల్చుకొనవలసిన సంగతులు.

నల్లగొండ, ప్రకాశము జిల్లాల సభ్యులు ఇచట ఉన్నచో వారితో ఒక మాట. ఫ్లోరైడు నీటివలన ఎముకలు పెరిగి వెన్నుపామును నొక్కుట మీ ప్రాంతములకు క్రొత్త కాదు. మన దేశమున ఈ వ్యాధిని గూర్చి 1937లో మొదట వ్రాసినది నాటి నెల్లూరు జిల్లా గ్రామములను చూచియే. అందుచేత మీ వైపున కాళ్లు బిగిసిన ప్రతివానిని చూచి “నీటి దోషము” అని సరిపెట్టుకొను అలవాటు పడినది. నీటి దోషము ఉన్న ఊరిలోనే క్షయ కూడ ఉండవచ్చును. ఒకే మనిషికి రెండును ఉండవచ్చును. పరీక్ష మానరాదు.

పరీక్షకు ఎచటికి పోవలెను? ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు వైద్యుని చీటితో జిల్లా ఆసుపత్రికో, బోధనాసుపత్రికో పోవలెను. వెన్నుపామును చూపునది ఎం.ఆర్.ఐ. పరీక్ష. దానితోబాటు రక్తపరీక్షలు, అవసరమైనచో నడుము నుండి నీరు తీసి పరీక్షించుట, చీము ఉన్నచో సూదితో తీసి క్షయ క్రిమికై చూచుట జరుగును. హెచ్.ఐ.వి. సంగతి ఇంతవరకు తెలియనివారికి ఆ పరీక్ష కూడ, వారి సమ్మతితో, ఉచితముగ చేయుదురు. విశాఖపట్నము కింగ్ జార్జి ఆసుపత్రి, గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రి, హైదరాబాదు ఉస్మానియా, గాంధీ ఆసుపత్రులు మొదలగువానిలో ఏ.ఆర్.టి. కేంద్రములు కూడ ఉన్నవి గనుక రెండు పనులును ఒకే ఆవరణలో జరుగును.

కొన్ని సందర్భములలో ఒక్క రాత్రి కూడ ఆగరాదు. గంటలలోగాని రెండు మూడు దినములలోగాని కాళ్లు పడిపోయినను, మూత్రము పూర్తిగ బిగిసిపోయినను, కూర్చుండు చోట స్పర్శ పోయినను అదే దినమున 108 వాహనమును పిలువవలెను. వెన్ను ఎముక చెడినదని అనుమానమున్నపుడు రోగిని చంకలు పట్టి ఎత్తరాదు, మోటారుసైకిలుపై నడుమ కూర్చుండబెట్టి తీసికొనిపోరాదు. నులకమంచము నడుమ క్రుంగును గనుక అదియు మంచిది కాదు. బల్లగాని, తలుపు రెక్కగాని తెచ్చి, నలుగురు కలిసి శరీరమును వంపకుండ దానిపై చేర్చి మోయవలెను.

చికిత్సను గూర్చి గ్రామములో తెలిసియుండవలసినవి కొన్ని చెప్పెదను. వెన్నెముక క్షయకు మందులు సామాన్యముగ 12 నెలలు, కొందరికి 18 నెలల వరకు వాడవలసి యుండును. మూడవ నెలలో నొప్పి తగ్గగానే మానుట ఈ వ్యాధిలో తరచు జరుగు ప్రమాదము. క్షయ మందులు మొదలిడిన రెండు వారములలోగా ఏ.ఆర్.టి. కూడ ప్రారంభించుట నేటి పద్ధతి. మెదడు పొరలకు క్షయ సోకినచో మాత్రము కొంతకాలము ఆగుదురు. క్షయ మందులలో రిఫాంపిసిన్ అనునది, హెచ్.ఐ.వి. మందైన డోలుటెగ్రవిర్ బలమును రక్తములో తగ్గించును. అందుచేత డోలుటెగ్రవిర్ మాత్రను ఆ కాలమున రెండవ పూట కూడ అదనముగ ఇత్తురు. “నిన్నటివరకు ఒకటి, నేడు రెండా?” అని ఒకటి మానరాదు. మందులతో ఆగక బలహీనత పెరుగుచున్నను, ఎముక నిలువలేక కూలుచున్నను ఆపరేషను అవసరమగును. హెచ్.ఐ.వి. ఉన్నదను కారణముచేత ఆపరేషను నిరాకరించుటకు ఏ ఆసుపత్రికిని హక్కు లేదు.

ఇంకొక సంగతి చాలమందిని భ్రమపెట్టును. ఏ.ఆర్.టి. మొదలుపెట్టిన కొద్ది వారములకు జ్వరము తిరిగి రావచ్చును, చీముగడ్డ పెరుగవచ్చును, కాళ్లు మునుపటికంటె బలహీనపడవచ్చును. ఇది మందు చేసిన హాని యని తలచి మాత్రలు పారవేయుదురు. నిజమునకు, ఇన్నాళ్లు నిద్రించిన రోగనిరోధకశక్తి మేలుకొని, లోపల దాగిన క్రిమిపై విరుచుకొనిపడుటచేత పుట్టిన వాపు అది. మందులు మానక వెంటనే ఆసుపత్రికి పోవలెను. ఆ వాపునకు వేరే చికిత్స కలదు.

ఆసుపత్రి పని ఇంతటితో సరి. తరువాత నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరములు, రోగి ఇంటనే యుండును. కాళ్లు పడినవారిలో ఎందరో అసలు వ్యాధిచేత గాక పడకపుండ్లచేతను, మూత్రపు దోషముచేతను ప్రాణాపాయమునకు లోనగుదురు. ఈ రెండును చాలవరకు ఇంటివారి చేతులలో ఉన్నవి. కావున దీనిని కొంచెము విపులముగ చెప్పుటకు అనుమతింపుడు.

స్పర్శ లేని చర్మము ఒకేచోట నొక్కుకొనియున్నచో గంటలలో కందును, దినములలో పుండు పడును. రోగిని పగలు రాత్రి రెండు గంటలకొకసారి ప్రక్క మార్చవలెను. కుర్చీలో కూర్చుండగలవాడు అరగంటకొకసారి చేతులపై బలమూని పిరుదులు పైకెత్తవలెను. మడమలు, తుంటి, నడుము క్రింది ఎముక – ఈ చోట్లను ప్రతి ఉదయము చూడవలెను. ఎఱ్ఱబారిన చోట రుద్దరాదు; దానిపై బరువు పడకుండ చూడవలెను. నడుమ రంధ్రమున్న రబ్బరు రింగును చాలమంది కొని తెత్తురు. అది చుట్టుప్రక్కల రక్తప్రసారమును నొక్కివేయును గనుక మంచిది కాదు. ఇక కాపడము. మన ఇండ్లలో నొప్పియనగానే ఇటుక కాల్చి గుడ్డలో చుట్టి కాపుదురు. స్పర్శ లేనివాడు కాలుచున్నను చెప్పలేడు. చలికాలమున కాళ్ల దగ్గర కుంపటి పెట్టుట కూడ ఇట్టిదే. పైకి ప్రేమతో చేసిన పని ఎముక వరకు పోవు పుండుగ మారును. ఈ ఒక్క మాటను మీ గ్రామములోని ఆశా కార్యకర్తకు, మంత్రసానికి, నాటువైద్యునికి చెప్పినను నేటి ప్రసంగము వృథా కాదు.

మూత్రము సంగతి. మూత్రకోశము పూర్తిగా ఖాళీ కానిచో నిలువయున్న మూత్రము చెడును, వెనుకకు తన్ని మూత్రపిండములను పాడుచేయును. పక్క తడియగునని భయపడి రోగికి నీరు తగ్గించి ఇత్తురు, అది తప్పు. నాలుగైదు గంటలకొకసారి సన్నని గొట్టముతో మూత్రము తీసి, గొట్టమును వెంటనే తీసివేయు పద్ధతి కలదు. దీనికి ఆపరేషను గదిలోనంతటి క్రిమిరహితత్వము అక్కరలేదనియు, సబ్బుతో కడుగుకొనిన చేతులు చాలుననియు 1972లో లాపిడస్ అను అమెరికా వైద్యుడు చూపెను. నాటినుండి లోకమంతట ఎందరో రోగులు తమంతట తామే ఈ పని చేసికొనుచున్నారు. నర్సు రెండు మూడుసార్లు చూపినచో చదువురానివారును నేర్చుకొనగలరు. జ్వరము, చలి, మూత్రము దుర్వాసన, కాళ్లు హఠాత్తుగ మరింత బిగియుట – వీనిలో ఏది కనబడినను ఆసుపత్రికి చూపవలెను. మల విసర్జనకు దినమునకొక నియమిత వేళ పెట్టుకొని, భోజనము చేసిన కొంతసేపటికి కూర్చుండబెట్టుట అలవాటు చేసినచో చాలవరకు కుదురును.

బిగిసిన కాళ్లను ప్రొద్దున సాయంకాలము మెల్లగా చాచి మడచుచుండవలెను. లేనిచో కీళ్లు వంగినచోటనే నిలిచిపోవును. పిమ్మట బలము వచ్చినను నిలుచుటకు వీలుండదు. బిగువు తగ్గించుటకు బాక్లోఫెన్ వంటి మాత్రలు వైద్యులు ఇత్తురు. వానిని ఒక్కసారిగ మానుట అపాయము.

ఈ సేవ చేయువారికి హెచ్.ఐ.వి. అంటునా? స్నానము చేయించుటచేతను, అన్నము పెట్టుటచేతను, ప్రక్క మార్చుటచేతను, మలమూత్రములు ఎత్తుటచేతను అంటదు. పుండునుండి రక్తము కారుచున్నపుడు చేతికి తొడుగు వేసికొనవలెను. అది ఏ రోగి విషయములోనైనను చేయవలసినదే.

ఇక పంచాయతీ మాట. ఇందాక మరల ఎత్తెదనన్న సంగతి ఇదియే. మీరు సహాయము చేయదలచినచో మొదట ఎవరికి హెచ్.ఐ.వి. ఉన్నదో తెలిసికొనవలెనని మీకు తోచవచ్చును. తోచుట సహజమే గాని, అచటనే పని చెడును. ఊరికి తెలియునను భయమే ఆ కౌలురైతును మందులకు దూరము చేసినది. కాళ్లు పడిపోయినవాడు మీ కన్నుల ఎదుట కనబడుచునే యున్నాడు. అతనికి వాహనము కావలెను, వాలుబాట కావలెను, మరుగుదొడ్డిలో పట్టుకొనుటకు కడ్డీ కావలెను, పింఛను కాగితముపై సంతకము కావలెను. చెట్టుపైనుండి పడినవానికైనను, క్షయ వచ్చినవానికైనను, హెచ్.ఐ.వి. ఉన్నవానికైనను ఈ అవసరములు ఒక్కటియే. వ్యాధి పేరు అడుగకయే ఇవన్నియు చేయవచ్చును. “కాళ్లలో బలము తగ్గిన ఏ మనిషినైనను వారములోగా పెద్దాసుపత్రికి పంపుదుము” అని పంచాయతీ ఒక తీర్మానము చేసికొనినచో, ఎవరి గుట్టును బయటపడదు, ఎవరును వెనుకబడరు.

దీనికి చట్టము కూడ తోడున్నది. 2017లో చేయబడి, 2018 సెప్టెంబరు 10 నుండి అమలులోనికి వచ్చిన హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టము ప్రకారము వైద్యములోను, ఉద్యోగములోను, చదువులోను, నివాసములోను, బావి, దారి వంటి అందరి వసతులలోను ఇట్టివారిని వేరుచేయరాదు. వారి సంగతిని సమ్మతి లేక బయటపెట్టరాదు. వారిపై ద్వేషము రేపు ప్రచారము చేసినవారికి 3 నెలల నుండి 2 సంవత్సరముల వరకు శిక్ష కలదు.

గ్రామసభలో లబ్ధిదారుల జాబితాను పేరుపేరున, పింఛను రకముతో సహా బిగ్గరగా చదువు ఆచారము కొన్నిచోట్ల ఉన్నది. పారదర్శకత మంచిదే. ఐనను ఏ.ఆర్.టి. పింఛను పొందువాని పేరు అట్లు చదివినచో ఒక్క నిమిషములో అతని బ్రతుకు బజారున పడును. కార్యదర్శులు ఇది గమనింపవలెను. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలైలో హెచ్చించిన లెక్కల ప్రకారము ఏ.ఆర్.టి. వాడువారికి నెలకు రూ. 4,000, దివ్యాంగులకు రూ. 6,000, పక్షవాతముతో చక్రాల కుర్చీకిగాని మంచమునకుగాని పరిమితమైనవారికి రూ. 15,000 నిర్ణయింపబడినది. తెలంగాణలోను దివ్యాంగులకు, హెచ్.ఐ.వి. ఉన్నవారికి పింఛనులు కలవు. కాళ్లు పడినవాడు దివ్యాంగునిగనే దరఖాస్తు చేసికొనవచ్చును, అందులో హెచ్.ఐ.వి. మాట వ్రాయవలసిన పని లేదు. వైద్యుల బోర్డు ధ్రువపత్రము ఇచ్చిన పిమ్మట యు.డి.ఐ.డి. కార్డు వచ్చును. క్షయకు మందులు వాడుచున్న ప్రతివారికి ఆహారము నిమిత్తము కేంద్ర ప్రభుత్వము 2018 ఏప్రిల్ నుండి నెలకు రూ. 500 ఇచ్చుచుండెను, 2024 నవంబరు నుండి దానిని రూ. 1,000 చేసినది. ఇది బ్యాంకు ఖాతాలో పడును. ఖాతా లేక ఆగిపోవువారు ఉందురు. ఒక సభ్యుడు పూనుకొని తెరిపించినచో చాలును.

వాలుబాటను గూర్చి ఒక లెక్క వ్రాసికొనుడు. ఒక అడుగు ఎత్తు గల అరుగుకు 12 అడుగుల పొడవైన వాలు ఉండవలెను. మన మేస్త్రీలు స్థలము కలిసివచ్చునని నాలుగైదడుగులతో ముగింతురు. అట్టి వాలుపై చక్రాల కుర్చీ ఎక్కదు, ఎక్కినను వెనుకకు దొరలును. పంచాయతీ కార్యాలయమునకు, రేషను దుకాణమునకు, ఆరోగ్య ఉపకేంద్రమునకు ఇదివరకే కట్టిన వాలుబాటలను టేపుతో కొలిచి చూడుడు.

హెచ్.ఐ.వి.ని గూర్చి ఎవరైనను, తమ పేరు చెప్పకయే, 1097 నెంబరుకు ఉచితముగ ఫోను చేసి అడుగవచ్చును. ఆ నెంబరును కార్యాలయపు గోడపై వ్రాయించుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు.

ఫిజియోథెరపీ ఉద్యోగులు ఇరువురు మన తరగతికి వచ్చియున్నారు. మంచముపైనున్న మనిషిని వెన్ను మెలిపడకుండ ప్రక్క మార్చు విధానమును, తలుపు రెక్కపైకి చేర్చు విధానమును ఇపుడు చేసి చూపింతురు. రోగిగా పడుకొనుటకు ఒకరు, ఎత్తుటకు నలుగురు సభ్యులు ముందుకు రావలెనని కోరుచున్నాను.